మాదక ద్రవ్యాల మచ్చ, మాజీ సైనికుని మొర: అమెరికాలో డిశ్చార్జి స్థాయి పెంపు ఎలా?

అమెరికా సైన్యం నుంచి బయటికి వచ్చే ప్రతి సైనికునికీ ఒక పత్రం ఇస్తారు. దాని పేరు డీడీ 214. సైన్యంలో ఎప్పుడు చేరాడు, ఎక్కడ పనిచేశాడు, ఏ పతకాలు పొందాడు, ఏ కారణంగా సేవ ముగిసింది అన్న వివరాలన్నీ అందులో ఉంటాయి. వాటి నడుమ 'సేవా స్వభావం' అనే ఒక చిన్న గడి ఉంటుంది. అక్కడ 'గౌరవప్రదం' అని ఉంటే ఆ మనిషికి చదువు, వైద్యం, ఇంటి రుణం, ఉద్యోగం వంటి అనేక తలుపులు తెరుచుకుంటాయి. వేరే మాట ఉంటే వాటిలో కొన్నో, అన్నీనో మూసుకుపోతాయి.

ఆ గడిలో ప్రతికూలమైన మాట పడడానికి గల ముఖ్య కారణాలలో మాదక ద్రవ్యాల వాడకం ఒకటి. మూత్ర పరీక్షలో ఒక్కసారి పట్టుబడినా ఉద్యోగం పోవచ్చు, దానితో పాటు పేరూ పోవచ్చు. అయితే ఆ మాట శాశ్వతం కాదు. దానిని సరిదిద్దమని కోరే హక్కును అమెరికా చట్టం 1944లోనే కల్పించింది. ఆ హక్కు ఏమిటి, దానిని ఎవరు వినియోగించుకోవచ్చు, ఎటువంటి వాదన నిలుస్తుంది, ఎటువంటిది నిలవదు అన్న విషయాలను ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. అమెరికా సైన్యంలో పనిచేస్తున్న భారత సంతతివారికి ఇది పౌరసత్వంతో ముడిపడిన విషయం కూడా.

డిశ్చార్జి ఎన్ని రకాలు?

సాధారణ సైనికులకిచ్చే డిశ్చార్జిలో ప్రధానంగా అయిదు స్థాయిలున్నాయి. అన్నిటికంటె పైది గౌరవప్రదమైన డిశ్చార్జి. రెండవది సాధారణ డిశ్చార్జి. ఇది కూడా గౌరవప్రదమైన పరిస్థితులలో ఇచ్చినదిగానే లెక్క. కాని సేవలో కొంత లోపం ఉన్నదని సూచిస్తుంది. మూడవది 'గౌరవప్రదం కాని పరిస్థితులలో' ఇచ్చే డిశ్చార్జి. ఈ మూడింటినీ న్యాయవిచారణ లేకుండా పై అధికారులు పరిపాలనా పద్ధతిలో ఇవ్వవచ్చు. మిగిలిన రెండూ, అంటే దుష్ప్రవర్తన డిశ్చార్జి, అవమానకర డిశ్చార్జి, కోర్టు మార్షల్ విధించే శిక్షలు.

మాదక ద్రవ్యాల వాడకంపై బయటికి పంపేటప్పుడు సాధారణంగా రెండవ లేదా మూడవ స్థాయి పత్రం ఇస్తారు. 'కారణం' అన్న గడిలో 'దుష్ప్రవర్తన, మాదక ద్రవ్యాల దుర్వినియోగం' అని రాస్తారు. ఉద్యోగమివ్వబోయే యజమాని ఆ పత్రం అడిగినప్పుడు ఈ రెండు గడులూ కంటబడతాయి.

వీటి ఫలితాలు వేరువేరుగా ఉంటాయి. సాధారణ డిశ్చార్జి పొందినవారికి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ అందించే వైద్యం, వైకల్య పరిహారం, ఇంటి రుణ హామీ చాలావరకు లభిస్తాయి. కాని 'జీఐ బిల్లు' పేరుతో ప్రసిద్ధమైన ఉన్నత విద్యా సహాయం మాత్రం దొరకదు. దానికి పూర్తిగా గౌరవప్రదమైన డిశ్చార్జి కావాలి. మూడవ స్థాయివారి విషయంలో ఆ శాఖ ఒక్కొక్కరి చరిత్రను విడివిడిగా విచారించి, సహాయానికి అర్హులా కాదా అన్నది తేలుస్తుంది. ఈ విచారణకు సంబంధించిన నియమాలను 2024లో సవరించి, సైనికుడు తప్పు చేసిన నాటి పరిస్థితులను మరింతగా లెక్కలోనికి తీసుకొనే వీలు కల్పించారు. అక్కడ అనుకూలమైన నిర్ణయం వచ్చినా డీడీ 214లోని మాట మారదు. ఆ మాట మార్చే అధికారం సైనిక మండలులకే ఉంది.

వియత్నాం నుంచి నిమిట్జ్ నౌక దాకా

ఈ సమస్య మూలాలు వియత్నాం యుద్ధంలో ఉన్నాయి. 1971 నాటికి అక్కడి అమెరికా సైనికులకు హెరాయిన్ సులభంగా దొరికేది. ఆ ఏడాది జూన్‌లో అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ మాదక ద్రవ్యాల దుర్వినియోగాన్ని దేశానికి ప్రథమ శత్రువుగా అభివర్ణించారు. స్వదేశానికి బయలుదేరే సైనికులకు మూత్ర పరీక్షలు మొదలయ్యాయి. పరీక్షలో పట్టుబడినవారు చికిత్స పూర్తయ్యేదాకా విమానం ఎక్కడానికి వీలు లేకపోయింది.

అలా తిరిగివచ్చిన సైనికులను సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకురాలు లీ రాబిన్స్ అధ్యయనం చేశారు. వారిలో దాదాపు సగం మంది వియత్నాంలో ఉండగా నల్లమందు జాతి మత్తు పదార్థాలను వాడి చూశారు. ప్రతి అయిదుగురిలో ఒకరు వాటికి బానిసయ్యామని చెప్పారు. అలా బానిసలైనవారిలో స్వదేశానికి వచ్చిన తొలి ఏడాదిలో మళ్లీ ఆ వ్యసనంలో పడినవారు 5 శాతం మాత్రమే. యుద్ధభూమిని విడిచాక అత్యధికులు మత్తును కూడా విడిచిపెట్టారన్నమాట. మత్తు వాడకం మనిషి గుణదోషం మాత్రమే అన్న నమ్మకాన్ని ఈ ఫలితం గట్టిగా కదిలించింది. పరిస్థితుల పాత్ర ఎంతటిదో తెలియజేసింది.

ఆ నాటి సైనికుల విషయంలో మరో ముఖ్యాంశం ఉంది. యుద్ధంలో తగిలిన మానసిక గాయానికి 'పీటీఎస్‌డీ' అన్న పేరు పెట్టి, అమెరికా మానసిక వైద్యుల సంఘం తన అధికారిక రోగనిర్ణయ గ్రంథంలో చేర్చినది 1980లో. అంతకు ముందే బయటికి వెళ్లిన సైనికుడు తన నిద్రలేమికి, ఉలికిపాటుకు, కోపానికి ఆ పేరు చెప్పుకొనే అవకాశమే లేదు. అతని మత్తు అలవాటు ఒక్కటే అధికారుల కంటికి కనబడింది. దానినే పత్రంపై రాశారు.

1980లోనే మరో పరిణామం సంభవించింది. బలవంతపు మూత్ర పరీక్ష ద్వారా సేకరించిన ఆధారంతో పరిపాలనా పద్ధతిలో గౌరవప్రదం కాని డిశ్చార్జిలు ఇవ్వడం చెల్లదని వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు న్యాయస్థానం తీర్పునిచ్చింది. ఆ విధంగా నష్టపోయిన మాజీ సైనికుల పత్రాలు సరిచేయవలసి వచ్చింది.

కాని గాలి త్వరలోనే ఎదురు తిరిగింది. 1981 మే 26న ఫ్లోరిడా తీరానికి దూరంగా సముద్రంలో ఉన్న విమానవాహక నౌక నిమిట్జ్‌పై దిగబోయిన ఒక విమానం అదుపు తప్పి కూలింది. 14 మంది మరణించారు. మృతులైన నౌకా సిబ్బందిలో కొందరి దేహాలలో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. ప్రమాదానికి గంజాయే కారణమని తేలకపోయినా దేశం ఉలిక్కిపడింది. నౌకాదళం మాదక ద్రవ్యాలను ఏ మాత్రం సహించబోమని ప్రకటించింది. అదే ఏడాది డిసెంబరులో రక్షణ ఉపమంత్రి ఫ్రాంక్ కార్లూచీ జారీచేసిన ఉత్తర్వు మూత్ర పరీక్షల ఫలితాలను క్రమశిక్షణా చర్యలకు వాడుకొనే వీలు కల్పించింది. తరువాత సైనిక నేర స్మృతిలో మాదక ద్రవ్యాలకే ప్రత్యేకంగా 112ఎ అనే నిబంధన చేరింది. ముందస్తు సమాచారం లేకుండా జరిపే పరీక్షలు నేటికీ సైనిక జీవితంలో భాగమే.

సైన్యం వాదనలో బలం లేదని చెప్పలేము. పక్కనున్నవాడి చేతిలో తన ప్రాణం ఉండే వృత్తి అది. ఆయుధాలు, విమానాలు, ఇంధనం నడుమ మత్తుకు చోటులేదు. డిశ్చార్జి స్థాయి పెంపు కోరేవారు కూడా ఈ సూత్రాన్ని ప్రశ్నించడం లేదు. ఆ తప్పు ఎందుకు జరిగింది, దానికి జీవితాంతం మూల్యం చెల్లించడం న్యాయమా అన్నదే వారి ప్రశ్న.

రెండు ద్వారాలు

స్థాయి పెంపు కోరడానికి రెండు వేదికలున్నాయి. మొదటిది డిశ్చార్జి సమీక్షా మండలి. 1944 నాటి జీఐ బిల్లు చట్టమే దీనికి పునాది. ఆర్మీకి, వాయుసేనకు, తీర రక్షక దళానికి వేరువేరు మండలులున్నాయి. నౌకాదళానికి, మెరైన్ దళానికి కలిపి ఒకటే మండలి. డిశ్చార్జి అయిన నాటి నుంచి 15 ఏళ్లలోపు డీడీ 293 అనే ఫారం ద్వారా దరఖాస్తు చేయాలి. పత్రాల ఆధారంగానే నిర్ణయించమని కోరవచ్చు, స్వయంగా హాజరై చెప్పుకొనే అవకాశమూ కోరవచ్చు. ముందు పత్రాల పరిశీలన కోరి, అది ఫలించకపోతే తరువాత హాజరు కోరే వెసులుబాటు ఉంది. జనరల్ కోర్టు మార్షల్ విధించిన డిశ్చార్జిని మాత్రం ఈ మండలి ముట్టుకోలేదు. మరొక ఊరట ఏమంటే, సమీక్ష కోరినందువల్ల ఉన్న స్థాయిని మండలి ఇంకా తగ్గించదు.

రెండవది సైనిక రికార్డుల సవరణ మండలి. దీనికి 1946 నాటి చట్టం ఆధారం. ఇక్కడి ఫారం డీడీ 149. పొరపాటును గుర్తించిన మూడేళ్లలోపు దరఖాస్తు చేయాలన్నది నియమం. అయితే న్యాయం కోసం అవసరమని తోస్తే మండలి ఆ గడువును సడలించవచ్చు. 15 ఏళ్లు దాటిపోయిన వృద్ధ సైనికులకు ఇదే శరణ్యం. దరఖాస్తులన్నింటినీ 18 నెలలలోపు పరిష్కరించాలని చట్టం చెబుతోంది. కోర్టు మార్షల్ తీర్పు తప్పని ప్రకటించే అధికారం ఈ మండలికీ లేదు. శిక్ష విషయంలో కనికరం చూపే అధికారం మాత్రమే ఉంది.

మొదటి మండలిలో ఓడినవారు రెండవదానికి వెళ్లవచ్చు. 2019 డిసెంబరు 20 తరువాత డిశ్చార్జి అయినవారికి ఈ రెండు మెట్లూ దాటాక డిశ్చార్జి అప్పీళ్ల సమీక్షా మండలి అనే మూడవ మెట్టు కూడా ఏర్పడింది. అక్కడా న్యాయం జరగలేదనుకుంటే ఫెడరల్ న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. డిశ్చార్జి అయిన ఆరు నెలలకు పత్రం తనంతట తానే గౌరవప్రదంగా మారిపోతుందన్న మాట సైనికులలో తరతరాలుగా ప్రచారంలో ఉంది. అది నిజం కాదు. ఎన్నేళ్లు గడిచినా, దరఖాస్తు చేసి ఆధారం చూపితే తప్ప ఒక్క అక్షరం కూడా మారదు.

పొరపాటు జరిగిందా? అన్యాయం జరిగిందా?

సమీక్షా మండలి రెండు కొలమానాలతో చూస్తుంది. మొదటిది సక్రమత. డిశ్చార్జి ఇచ్చేటప్పుడు నియమాలు పాటించారా? రెండవది సమన్యాయం. నియమాలు పాటించినా ఆ ఫలితం ఆ మనిషికి తగినదేనా?

మాదక ద్రవ్యాల కేసులలో సక్రమత ప్రశ్నలు చాలానే తలెత్తుతాయి. మూత్రపు నమూనా చేతులు మారిన ప్రతిసారీ నమోదు చేశారా? మూడవ స్థాయి డిశ్చార్జి ఇవ్వబోతున్నప్పుడు విచారణ బోర్డు ఎదుట హాజరయ్యే హక్కు, న్యాయవాదిని సంప్రదించే హక్కు ఉన్నాయని సైనికునికి తెలియజేశారా? త్వరగా ఇల్లు చేరాలన్న ఆతురతలో ఆ హక్కులను వదులుకుంటూ సంతకం చేసినవారు తరువాత పశ్చాత్తాపపడడం సాధారణం.

మరొక ముఖ్యమైన నియమం ఉంది. తనకు మత్తు అలవాటు ఉన్నదని సైనికుడు తానుగా ముందుకు వచ్చి చికిత్స కోరితే, ఆ సందర్భంలో బయటపడిన విషయాన్ని అతని డిశ్చార్జి స్థాయి తగ్గించడానికి వాడరాదు. ఆర్మీ నిబంధనల ప్రకారం అటువంటి సమాచారాన్ని ప్రభుత్వమే విచారణలో ప్రవేశపెడితే గౌరవప్రదమైన డిశ్చార్జే ఇవ్వాలి. ఫైలులో ఈ తప్పు కనబడితే అది మాజీ సైనికునికి బలమైన ఆధారమవుతుంది.

అయితే అధికారులు తమ పని సక్రమంగానే చేసి ఉంటారన్న భావనతో మండలి మొదలుపెడుతుంది. కాదని నిరూపించవలసిన భారం దరఖాస్తుదారునిదే. అందుకే చాలా కేసులు రెండవ కొలమానమైన సమన్యాయంపైనే ఆధారపడతాయి.

ఉదార పరిశీలన అంటే ఏమిటి?

2014 మార్చిలో వియత్నాం యుద్ధంలో పాల్గొన్న కొందరు మాజీ సైనికులు, మాజీ సైనికుల సంఘాలు కలిసి కనెక్టికట్‌లోని ఫెడరల్ న్యాయస్థానంలో దావా వేశారు. పీటీఎస్‌డీ వల్ల జరిగిన తప్పులకు ఇచ్చిన డిశ్చార్జిలను మండలులు గుడ్డిగా సమర్థిస్తున్నాయన్నది వారి ఆరోపణ. యేల్ న్యాయ కళాశాల విద్యార్థులు వారి పక్షాన పనిచేశారు. అదే ఏడాది సెప్టెంబరు 3న రక్షణ మంత్రి చక్ హేగెల్ ఒక ఆదేశపత్రం జారీచేశారు. పీటీఎస్‌డీకి సంబంధించిన దరఖాస్తులను ఉదారంగా పరిశీలించాలని రికార్డుల సవరణ మండలులకు సూచించారు. ఆ తరువాత కాంగ్రెస్ ఈ సూత్రాన్ని చట్టంలో చేర్చింది.

2017 ఆగస్టు 25న వెలువడిన మరో ఆదేశపత్రాన్ని, దానిపై సంతకం చేసిన అధికారి పేరిట కుర్టా మెమో అంటారు. ఇది ఉదార పరిశీలనను మెదడుకు తగిలిన గాయాలకు, ఇతర మానసిక రుగ్మతలకు, సైన్యంలో జరిగిన లైంగిక దాడికి, వేధింపులకు విస్తరించింది. మండలి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని చెప్పింది. తప్పును మన్నించదగిన లేదా దాని తీవ్రతను తగ్గించదగిన రుగ్మత గాని అనుభవం గాని ఉందా? అది సైనిక సేవాకాలంలో ఉన్నదేనా? అది నిజంగా ఆ తప్పును మన్నించేదేనా, తగ్గించేదేనా? అన్నీ కలిపి తూస్తే అది ఆ డిశ్చార్జి కంటె బరువైనదేనా?

ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. 2006లో ఇరాక్‌లో పనిచేసిన ఒక సైనికుని వాహనం కిందనే బాంబు పేలింది, పక్కనున్న మిత్రుడు చనిపోయాడు. ఇంటికి వచ్చాక అతనికి నిద్ర పట్టడం మానేసింది. గంజాయి తాగితే తప్ప కన్ను మూతపడని స్థితికి వచ్చాడు. 2008లో మూత్ర పరీక్షలో దొరికాడు. అంతకుముందు అతని సేవలో ఏ మచ్చా లేదు. మూడవ స్థాయి డిశ్చార్జి ఇచ్చి పంపించారు. 2023తో సమీక్షా మండలి గడువు తీరిపోయింది గనుక అతడు ఇప్పుడు డీడీ 149తో సవరణ మండలికి వెళ్లాలి.

అతడు మొదటి ప్రశ్నకు వైద్యుని రోగనిర్ణయ పత్రం చూపుతాడు. రెండవదానికి పేలుడును ధ్రువపరిచే రికార్డులు, తోటి సైనికుల వాంగ్మూలాలు, ఆ రోజుల్లో భార్యకో తల్లికో రాసిన ఉత్తరాలు పనికివస్తాయి. కుర్టా మెమో ప్రకారం మాజీ సైనికుని సొంత వాంగ్మూలం ఒక్కటి కూడా రుగ్మత ఉన్నదనడానికి ఆధారం కాగలదు. మూడవ ప్రశ్న కీలకమైనది. రుగ్మత ఉండడం వేరు, ఆ రుగ్మతే గంజాయి వైపు నెట్టిందని చూపడం వేరు. మానసిక బాధను తట్టుకోలేక మనిషి తనకు తానే మందు వేసుకొన్నట్లు మత్తును ఆశ్రయించడాన్ని లెక్కలోనికి తీసుకోవచ్చని ఆ మెమో పేర్కొంది. నాలుగవ ప్రశ్నలో తప్పు తీవ్రతను తూచుతారు. గంజాయి సైన్యంలో నేటికీ నిషిద్ధమే. అయినా అనేక రాష్ట్రాలలో చట్టబద్ధమైనందువల్ల, దశాబ్దాల కిందటి కంటె నేడు దానిని తక్కువ తీవ్రతగల తప్పుగా చూడవచ్చని కూడా మెమోలో ఉంది.

దీనికి హద్దులున్నాయి. ముందుగా ఆలోచించి, పథకం వేసుకొని చేసిన తప్పుకు పీటీఎస్‌డీ సాకు కాజాలదని హేగెల్ పత్రమే హెచ్చరించింది. బాధ మరచిపోవడానికి ఒకడు వాడడం వేరు, లాభం కోసం తోటి సైనికులకు అమ్మడం వేరు.

మానసిక రుగ్మత లేనివారి మాటేమిటి? వారికి 2018 జూలై 25 నాటి విల్కీ మెమో ఆధారమవుతుంది. న్యాయం, కనికరం అనే దృష్టితో మండలులు చూడాలని అది నిర్దేశించింది. కాలం ఎంత గడిచింది, తప్పు చేసిన నాటి వయసెంత, ఆ తరువాత మనిషి ఎలా బతికాడు, పశ్చాత్తాపం ఉందా అన్నవి ఇందులో ముఖ్యం. మచ్చలేని సేవ చేసినవారే గౌరవప్రదమైన డిశ్చార్జికి అర్హులనుకోవడం సరికాదన్న స్పష్టత కూడా ఈ ఆదేశపత్రాల ద్వారా వచ్చింది.

ఆదేశాలు వచ్చినంత మాత్రాన అమలు సాఫీగా సాగలేదు. మండలులు ఉదార పరిశీలనను సరిగా పాటించడం లేదంటూ ఇరాక్, అఫ్ఘానిస్తాన్ కాలపు సైనికులు ఆర్మీపైన, నౌకాదళంపైన సామూహిక దావాలు వేశారు. 2021, 2022 సంవత్సరాలలో అవి రాజీలతో ముగిశాయి. ఫలితంగా గతంలో తిరస్కరించిన దరఖాస్తులలో కొన్నింటిని తిరిగి పరిశీలించవలసి వచ్చింది.

దరఖాస్తు చేసేవారు ఏం చేయాలి?

మొదటి పని రికార్డుల సేకరణ. సైనిక సేవా రికార్డులు మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్‌లోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఉంటాయి. 1973 జూలైలో అక్కడ సంభవించిన అగ్నిప్రమాదంలో పాత తరం సైనికుల ఫైళ్లు లక్షల సంఖ్యలో కాలిపోయాయి. అటువంటివారు ఇతర ఆధారాలు వెతుక్కోక తప్పదు. ఫైలు చూడకుండా రాసిన దరఖాస్తు చీకటిలో వేసిన బాణమే.

రెండవది, వాదన ఏమిటో ముందే తేల్చుకోవడం. 'నేను వాడలేదు, పరీక్ష తప్పు' అనేది ఒక వాదన. 'వాడాను, కాని కారణం ఇది' అనేది మరొకటి. రెండింటినీ కలిపి రాస్తే రెండూ బలహీనపడతాయి. వాడినమాట నిజమైతే ఒప్పుకోవడమే మేలు.

మూడవది, సైన్యం విడిచిన తరువాతి జీవితానికి సాక్ష్యాలు. వ్యసనం మానినట్లు చికిత్సా కేంద్రం ఇచ్చిన పత్రం, చదువు, ఉద్యోగం, కుటుంబ బాధ్యతలు, సమాజ సేవ, యజమానులు, పెద్దలు రాసిన లేఖలు ఇందులోకి వస్తాయి. ఎవరు రాసినా, మంచివాడని మాత్రమే రాయకుండా తాము కళ్లారా చూసినది రాస్తే దానికి విలువ ఎక్కువ.

న్యాయవాది తప్పనిసరి కాదు. గుర్తింపు పొందిన మాజీ సైనికుల సంఘాల ప్రతినిధులు, న్యాయ కళాశాలల సహాయ కేంద్రాలు రుసుము లేకుండా సాయపడుతున్నాయి. మండలులు గతంలో ఇచ్చిన నిర్ణయాలను పేర్లు తొలగించి అంతర్జాలంలో ఉంచుతారు. తమ కేసును పోలిన నిర్ణయాలను అక్కడ వెతికి చదవడం ఎంతో ఉపకరిస్తుంది. ఒకసారి తిరస్కరించినా, సవరణ మండలి ముందు ఇంతకుముందు పెట్టని కొత్త ఆధారాలుంటే పునఃపరిశీలన కోరవచ్చు.

చికిత్స కోసం మాత్రం ఈ నిర్ణయం వెలువడేదాకా ఆగనవసరం లేదు. మూడవ స్థాయి డిశ్చార్జి పొందినవారికి కూడా అత్యవసర మానసిక వైద్యం అందించడానికి మాజీ సైనికుల వ్యవహారాల శాఖ 2017లో నిర్ణయించింది. మరుసటి ఏడాది చట్టం ఆ వెసులుబాటును విస్తరించింది.

వలసవచ్చినవారికి అదనపు ముప్పు

అమెరికా సైన్యంలో చేరిన విదేశీయులు సైనిక సేవ ఆధారంగా త్వరగా పౌరసత్వం పొందవచ్చు. 2008లో అనుమతి పొంది 2016 దాకా సాగిన ఒక ప్రత్యేక పథకం కింద హిందీ, తమిళం, మలయాళం వంటి భాషలు తెలిసినవారిని, వైద్య నిపుణులను గ్రీన్ కార్డు లేకపోయినా చేర్చుకున్నారు. ఆ తలుపు గుండా అనేకమంది భారతీయ యువకులు సైన్యంలో అడుగుపెట్టారు. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా నేడు సైన్యంలో కనిపిస్తున్నారు.

సేవ ఆధారంగా 2003 నవంబరు 24న గాని, ఆ తరువాత గాని పౌరసత్వం పొందిన వ్యక్తి, మొత్తం అయిదేళ్ల గౌరవప్రదమైన సేవ పూర్తికాకముందే గౌరవప్రదం కాని పరిస్థితులలో డిశ్చార్జి అయితే, ఆ పౌరసత్వాన్ని రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి ఉంది. సాధారణ డిశ్చార్జికి ఈ ముప్పు లేదు. అంటే రెండవ స్థాయికి, మూడవ స్థాయికి నడుమ ఉన్న గీత ఇటువంటివారికి దేశానికీ పరదేశానికీ నడుమ ఉన్న గీత కావచ్చు. మాదక ద్రవ్యాల నేరానికి వలస చట్టాల కింద వేరే పర్యవసానాలు కూడా ఉంటాయి గనుక, ఈ స్థితిలో ఉన్నవారు సైనిక చట్టంతో పాటు వలస చట్టం తెలిసిన న్యాయవాదిని కూడా సంప్రదించడం అవసరం.

మన దేశంలో

భారత సైన్యంలో అమెరికా తరహా అయిదు స్థాయిల డిశ్చార్జి లేదు. అయితే సేవావిముక్తికి, బర్తరఫ్‌కు మధ్య పెద్ద తేడా ఉంది. బర్తరఫ్ అయినవారు సాధారణంగా పింఛను కోల్పోతారు. ఇటువంటి నిర్ణయాలను సవాలు చేయడానికి 2007 నాటి చట్టం కింద సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేసులు చెన్నై ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. చిన్న శిక్షలు 'ఎర్ర సిరా నమోదులు'గా నాలుగు చేరగానే సైనికుని యాంత్రికంగా పంపివేయరాదని, అతని సేవాకాలాన్ని, కఠినమైన ప్రాంతాలలో చేసిన విధులను పరిగణించాలని 2015లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వ్యవస్థలు వేరైనా ఉభయత్రా వినిపించే ప్రశ్న ఒకటే. ఒక తప్పును తూచేటప్పుడు దాని వెనుక ఉన్న సేవను కూడా తక్కెడలో వేయాలా, వద్దా?

డిశ్చార్జి స్థాయి పెంపు తప్పును తుడిచివేయదు. వాడిన గంజాయి వాడినట్లే ఉంటుంది, పరీక్ష ఫలితం ఫైలులోనే ఉంటుంది. నాడు అధికారులు చూడనిదానిని, లేదా చూడడానికి వైద్యశాస్త్రంలో పేరైనా లేనిదానిని నేడు చూడమని కోరడమే ఈ దరఖాస్తు సారాంశం. దానిని నిలబెట్టేది ఆధారం. పాత ఉత్తరమో, ఆసుపత్రి చీటీయో, తోటి సైనికుని సాక్ష్యమో ఇంట్లో ఏ మూలనున్నా వెతికి భద్రపరచుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ కాగితాలు చిరిగిపోతాయి, సాక్షులు వృద్ధులవుతారు. గడువు సడలించే అధికారం మండలికి ఉన్నా, పోయిన సాక్ష్యాన్ని తిరిగి తెచ్చే అధికారం ఎవరికీ లేదు.